ఎర చేపల పోస్ట్‌మార్టం

మొన్న శనివారం గేలానికి గుచ్చడానికని మన బకెట్లో ఉంచిన నలభై ఎనిమిది ఎర చేపలూ ఎందుకు చచ్చిపోయాయి? ఎవరు చెప్తారు? దేవ్, చెయ్యెత్తి చెప్పు నాన్నా. ఊరికే అరవకూడదు.

"అక్క చంపేసింది" అనా? చెయ్యి దించు. అది జవాబు కాదు, మీ నాన్న మాట.

నైనికా, నువ్వు ఆ దిండులోంచి మొహం తియ్యక్కర్లేదమ్మా. ఒక్క చెవి ఈ అమ్మమ్మ వైపు ఉంటే చాలు. తణుకు జిల్లా పరిషత్ హైస్కూల్లో ముప్ఫై ఒక్క ఏళ్ళు సైన్సు చెప్పాను. వెనక బెంచీలో తల వాల్చేసుకుని విన్నవాళ్ళకే ఎక్కువ మార్కులొచ్చేవి.

చేతులు తడిగా ఉన్నాయేమిటంటావా? గరాజ్‌లో ఆ బకెట్ కడుగుతూ మధ్యలో వచ్చేశాను. సగమే అయింది. ఎందుకు సగంలో వచ్చానో చివర్న చెప్తాను. ముందు పాఠం.

చేప నీళ్ళలోనే ఉంటుంది కదా, మళ్ళీ దానికి గాలెందుకు? ఆఁ, సరిగ్గా చెప్పావు. నీళ్ళలో కరిగిన గాలే దాని ఊపిరి. చెరువైతే పెద్దది, గాలి తగిలే చోటు బోలెడు. బకెట్లో నలభై ఎనిమిదంటే, మా తొమ్మిదో తరగతి బి సెక్షన్ని కిటికీలు మూసేసి కూర్చోబెట్టినట్టే. అందుకని బుడగల మోటారు పెడతారు. ఓ సన్నటి గొట్టం, దాని చివర చిల్లుల రాయి. అది గుడగుడలాడుతున్నంతసేపూ చేపలు హాయిగా ఉంటాయి.

ఇంకా? కుళాయి నీళ్ళలో క్రిములు చావడానికి మందు కలుపుతారు. అదే మందు చేప మొప్పల్ని కాల్చేస్తుంది. కాబట్టి విరుగుడు చుక్కలు వెయ్యాలి. నీళ్ళు చల్లగా ఉండాలి. అలాగని ఐసు ముక్కలు నేరుగా వేస్తే? ఆ ఐసూ కుళాయి నీళ్ళదే కదరా! సీసాలో నీళ్ళు గడ్డకట్టించి, మూత బిగించి, సీసానే బకెట్లో దించాలి. లోషన్లు, కొబ్బరినూనె రాసుకున్న చేతులు లోపల పెట్టకూడదు. ఒకటి చచ్చిపోతే వెంటనే తీసెయ్యాలి.

ఇవన్నీ ఎవరు చేశారు? నైనిక. పదకొండేళ్ళ పిల్ల, ఒక్కర్తే. పుస్తకంలో గీతలు గీసుకుని, ఒక్కో పనికీ పక్కన టిక్కు పెట్టుకుంది. మా ల్యాబ్ అసిస్టెంటు ఈశ్వరయ్య అంత శ్రద్ధగా ఒక్క రికార్డు రాసుంటే నేను ఇంకో పదేళ్ళు ఉద్యోగం చేసేదాన్ని.

మరి మీ నాన్నేం చేశాడు? అయ్యో, ఏం చెయ్యలేదని ఎలా అంటాను! బకెట్లో థర్మామీటరు పెట్టి దాన్ని ఫోన్‌కి కలిపాడు. శుక్రవారం ఆఫీస్ కాల్ మధ్యలో టింగుమని మోగితే, "ఎక్స్‌క్యూజ్ మీ" అని బయటికొచ్చి, చేపలకి ఒక డిగ్రీ జ్వరం తగ్గిందని చూసుకుని మళ్ళీ లోపలికెళ్ళాడు. దేవ్‌కి జ్వరం వచ్చినప్పుడు మీ అమ్మే చూసింది. అది వేరే సంగతి.

మీ అమ్మని మాత్రం ఏమీ అనకండి. ఫ్రిజ్‌లో ఇడ్లీపిండి గిన్నె పక్కన వానపాముల డబ్బా పెడితే ఏ ఇల్లాలు ఊరుకుంటుంది? "ఉదయ్, వాటికి వీసా ఎవరిచ్చారు?" అంది. మీ నాన్న నవ్వలేదు. డబ్బా మీద ఎర్ర టేపు చుట్టి ఇంకా లోపలికి తోశాడు.

సరే, శనివారం. హెర్న్‌డన్‌లో మన ఇంటి నుంచి సరస్సుకి గంట డ్రైవ్. మన కార్లో మనం, వెనక కార్లో ధర్మారావు అంకుల్, వినీత్ అంకుల్. ధర్మారావుకి నాలుగు గేలాలున్నాయి, ఇంతవరకు నాచు తప్ప ఏమీ పడలేదు. వినీత్ గేలం వెయ్యడు, వేసేవాళ్ళకి సలహా వేస్తాడు. పైగా ముగ్గురూ శనివారం నీసు ముట్టరు. అంటే పడిన చేపని ఫోటో తీసి మళ్ళీ నీళ్ళలో వదిలేస్తారట. ఎంత దయ! మరి గేలానికి గుచ్చిన చిన్న చేప సంగతేమిటని అడిగాను. "అది ఎర కదా అత్తయ్యా" అన్నాడు మీ నాన్న.

తొమ్మిదిన్నరకి సరస్సు ఒడ్డున ధర్మారావు, మోటారు ఆడుతోందో లేదో కూడా చూడకుండా దాన్ని ఊడదీసి పక్కన పడేసి, మూత తీశాడు. తీసి, ముక్కు మూసుకున్నాడు.

ఒక్కటీ కదల్లేదు. అన్నీ వెల్లకిలా. నీళ్ళు తెల్లగా, పల్చటి మజ్జిగలా.

అందరూ ఎవరివైపు చూశారు? నావైపే. సైన్సు టీచరమ్మని కదా! నేనూ కళ్ళజోడు సర్దుకున్నాను. గొంతు సవరించుకున్నాను. "నీళ్ళలో గాలి అయిపోయింది బాబూ. గాలి అందకపోతే ఇలాగే ఒక్కసారిగా పోతాయి. పోయాక నీళ్ళు తెల్లబడటం మామూలే" అని పాఠం చెప్పాను. వినీత్ తల ఊపాడు. ముప్ఫై ఒక్క ఏళ్ళలో ఎవరూ అంత బుద్ధిగా వినలేదు.

గాలి అయిపోయిందంటే మోటారు ఆగిందన్నమాట. మోటారు ఆగిందంటే వెయ్యలేదన్నమాట. మీ నాన్న నీవైపు తిరిగి, "నైనికా, డిడ్ యూ టర్న్ ఇట్ ఆన్?" అన్నాడు.

నువ్వు "యెస్" అన్నావు. మూడోసారి అడిగేసరికి "ఐ థింక్ సో" అన్నావు.

తిరుగు ప్రయాణంలో కార్లోనే పోస్ట్‌మార్టం మీటింగ్ పెట్టాడుగా! వెనక కార్లో వాళ్ళిద్దరూ స్పీకర్‌లో. తేలిన రూట్ కాజ్: హ్యూమన్ ఎర్రర్. ఆ హ్యూమన్ నా పక్కనే సీటుబెల్టు పెట్టుకుని కూర్చుని కిటికీలోంచి చూస్తోంది. యాక్షన్ ఐటం: వచ్చే శనివారం నుంచి రబ్బరు చేపలు. నైనికకి రెస్ట్. రెస్టట! ఆఫీస్‌లో ఎవర్నైనా తీసేసేముందు కూడా ఇలాగే అంటారేమో.

ఆగు, లేవకు. ఇంకా అసలు పాఠం రాలేదు.

ఇవాళ బల్ల సర్దుతుంటే నీ పుస్తకం కనబడింది. "మోటారు ఆన్" అన్నచోట టిక్కుంది. ఆ టిక్కు మీద అడ్డంగా గీత కొట్టేశావు. పక్కన చిన్న అక్షరాలతో, "మే బీ ఐ ఫర్‌గాట్".

ఆ గీతని నేను ఎరుగుదును తల్లీ. పరీక్షల్లో చూసేదాన్ని. పిల్ల సరైన జవాబే రాస్తుంది. పక్కన టీచరు నిలబడి అనుమానంగా ఊఁ అంటుంది. అంతే, కొట్టేసి తప్పు రాస్తుంది. ఆ టీచరు మీద నాకు ఎప్పుడూ ఒళ్ళు మండేది.

ఇప్పుడు విను. నువ్వు మోటారు వేశావు. శనివారం పొద్దున్న అయిదింటికి అది గుడగుడలాడుతోంది. నాకెలా తెలుసంటావా? నేను చూశాను కాబట్టి.

ప్రయాణానికని పులిహోర కలుపుతున్నాను. మీ అమ్మ రాత్రే కలిపి పెట్టిన పెరుగన్నం గిన్నె కూడా అక్కడే ఉంది. ఆ గిన్నె కార్లో పెడదామని గరాజ్‌లోకెళ్ళాను. మూత కొంచెం తీసి చూశాను. నలభై ఎనిమిదీ నావైపు నోళ్ళు తెరుస్తూ మూస్తూ, తెరుస్తూ మూస్తూ.

చేపలు ఎప్పుడూ అలాగే అంటాయి, దేవ్. అది ఊపిరి. ఆకలి కాదు. తొమ్మిదో తరగతి పాఠం, బొమ్మతో సహా బోర్డు మీద వేసేదాన్ని.

కానీ అయిదింటికి, గిన్నె చేతిలో ఉండగా, ఒక్క ప్రాణి నా ఎదురుగా నోరు తెరిస్తే... అయ్యో, రాత్రినుంచి వీటికెవరూ ఏమీ పెట్టలేదే అనిపించింది. పొద్దెక్కేసరికి గేలానికి గుచ్చేవాటికి టిఫినేమిటని కూడా తోచలేదు. ఓ గుప్పెడు పెరుగన్నం పెట్టాను. చప్పగా ఉంటుందేమోనని పోపు ఉన్నవైపు నుంచి తీశాను.

నవ్వు, నవ్వు. దిండులోంచి కూడా వినిపిస్తోంది.

పాలు, పెరుగు, అన్నం ఏవైనా సరే నీళ్ళలో వేస్తే కుళ్ళుతాయి. ఆ కుళ్ళే గాలంతా తాగేస్తుంది. పోటీగా మోటారు ఎంత ఊదినా చాలదు. అందుకే ఎర చేపలకి ప్రయాణంలో తిండి పెట్టకూడదు. ఒకటి రెండు రోజులు పస్తున్నా వాటికేం కాదు. అన్నం పెట్టానని సరస్సు ఒడ్డునే చెప్పొచ్చుగా? చెప్పొచ్చు. కానీ ఎదురుగా అల్లుడు, అల్లుడి స్నేహితులు. అందరూ నన్ను "మేడం" అంటున్నారు. నీళ్ళు వాసనొస్తున్నాయని నేనే గబగబా చెట్టు మొదట్లో పారబోశాను. మెతుకులు ఎవరికీ కనపడకుండా పైన ఆకులు కూడా లాగాను.

ఇవాళ బకెట్ కడగడానికెందుకు వెళ్ళాననుకున్నావు? శుభ్రత కోసమా? ఆ చిల్లుల రాయిలో ఇంకేమైనా ఇరుక్కుని ఉంటే మీ నాన్న చూసేలోపు తీసేద్దామని. వెళ్ళి చూస్తే ఉంది. ఒక మెతుకు, పక్కనే ఒక ఆవగింజ. పాత టూత్‌బ్రష్ దగ్గరదాకా తీసుకెళ్ళాను. నీ గీత గుర్తొచ్చింది. చెయ్యి ముందుకి వెళ్ళలేదు. అదీ సగంలో వచ్చెయ్యడానికి కారణం.

ఆ చప్పుడేమిటి? గరాజ్ తలుపా? మీ నాన్నే.

లే, మొహం కడుక్కుని నువ్వూ రా. నింద నలుగురిలో పడింది కాబట్టి ధర్మారావునీ వినీత్‌నీ కూడా స్పీకర్‌లో పెట్టమంటాను. రూట్ కాజ్ మారిందని చెప్దాం. హ్యూమన్ ఎర్రర్ అన్నది మాత్రం అలాగే ఉంచుకోవచ్చు, మనిషి మారింది.

అత్తగారి పరువా? ఏముంది, నలభై ఎనిమిది పోయాయి. అది నలభై తొమ్మిదోది.

నేను తెచ్చి బల్ల మీద పెట్టిన ఆ బ్రష్ ఇలా ఇవ్వు. ముందు ఆ మెతుకు మీ నాన్నకి చూపించి, తర్వాత మిగతా సగం కడగాలి.