సగం నిండిన పైపు

నరసాపురం దగ్గర ఒక రొయ్యల ఫ్యాక్టరీ వెనుక, శుద్ధిచేసిన నీరు బయటికి పోయే పైపు. దానిమీద నీటి ప్రవాహాన్ని కొలిచే ఫ్లోమీటరు ముందు రిపేరుకొచ్చిన ఇంజినీరు, అక్కడి ఆపరేటరు నిలబడి ఉన్నారు.

“మీటరు బాగానే ఉందండి. ఎర్త్ వైరూ బాగానే ఉంది. పైపు నిండా నీళ్లుంటేనే ఇది సరిగ్గా చూపిస్తుంది. సగమే వస్తున్నాయి, అందుకే అంకెలు గెంతుతున్నాయి.”

“గెంతకుండా సెట్టింగ్ ఏదన్నా పెట్టేయండి సార్. రేపు ఇన్‌స్పెక్షన్ ఉందండి.”

“పెట్టొచ్చు. మిగతా సగం నీళ్లు ఎటు పోతున్నాయి?”

“వెనకాల ఇంకో వాల్వు ఉందండి. శుద్ధి చెయ్యకుండానే కాలవలోకి పోతాయి. తిప్పమన్నారు, తిప్పేనండి.”

“ఆ కాలవలో ఎవరన్నా చేపలు పడతారా?”

“మా నాన్నేనండి.”

“మీరు తింటున్నారా?”

“మొదట పడ్డ చేప ఇంటికే తెస్తాడండి, అది మా ఆనవాయితీ. పిల్లలకి మాత్రం పెట్టనివ్వట్లేదు. వేడి చేస్తుందని చెబుతున్నానండి.”

“మరి మిగతా చేపలు?”

“మా అమ్మ బజారుకి పట్టుకెళ్తుందండి. తన దగ్గరైతే తాజాగా ఉంటాయని అందరూ అడిగి మరీ కొంటారు.”