బోర్డు మీద మిగిలిన బిళ్ళ

గీ ఒక్క బిళ్ళనే ఎందుకు తగిలేసున్నదంటవా? కూసో జ్యోతీ, కుర్చీ నీడకు గుంజుకో. చంద్రపూర్ ఎండ సంగతి నీకు నేను జెప్పాల్నా, ఉప్పర్వాహిల సిమెంటు కంపెనీ కాడ పనిజేసెటిదానివి. బోర్డు యాడ దొరికింది, మీ అమ్మ ఇల్లు సదురుతుంటేనా? మంచిగ తెచ్చినవ్. మీ బాపు రాజేశం పోయి పన్నెండేండ్లాయె, గీ మొలలకు తుప్పు గూడ వట్టలే చూడు. నూనె రాసి పెట్టినట్టున్నడు.

నీకు యాదికున్నదో లేదో, మాజ్రి బొగ్గుబాయి మీద మీ బాపుది లాంపుల కాడ డ్యూటీ. బాయిలకు దిగెటోడు తన ఇత్తడి బిళ్ళ ఇచ్చి లాంపు తీస్కపోవాలె, ఆ బిళ్ళను బోర్డుకు తగిలేస్తరు. పైకొచ్చి లాంపు వాపసిస్తే బిళ్ళ తీసి ఇస్తరు. బోర్డు మీద ఒక్క బిళ్ళ ఉన్నా మనిషింకా కిందనే ఉన్నట్టు, మీ బాపు ఇంటికి కదలడు. మీ అమ్మ గంజుల అన్నం సల్లారిపోతుండె. ఆమె తిట్లు మా క్వార్టరు దాంక ఇనొస్తుండె, మా ఇంటామె మల్లవ్వ నవ్వుకునేది... ఏం జెప్తున్న? ఆఁ, బోర్డు. సుట్టీనాడు ఇంటి ముంగట కాలనీలోళ్ళ బండ్లు బాగుజేసెటోడు గదా. ఇంజిన్ ఎవ్వడైన ఇప్పుతడు బిడ్డా, మళ్ళ బిగిచ్చుట్లనే ఉన్నది అసలు పని. డాల్డా డబ్బ రేకు కత్తిరిచ్చి గీ బిళ్ళలు చేసిండు, చదువు రానోళ్ళకు గూడ తెలిసెటట్టు బొమ్మలు గీకిండు. సామాను ఒకటి బయటికొస్తే దాని బిళ్ళ బోర్డుకు తగిలియ్యాలె, మళ్ళ లోపటికి పోతే తియ్యాలె. బోర్డు ఖాళీ అయితేనే బండికి కిక్కు కొట్టుడు. అట్టముక్క మీద ఇంజిన్ కవరు బొమ్మ గీసి ఏ బోల్టు యాడిదో ఆడ్నే గుచ్చెటోడు, ఒకదాని తావుల ఇంకోటి పోవద్దని. ముందుగాల వేళ్ళతోనే తిప్పాలె, పానా తర్వాత. ఎందుకు బావా గంత నిదానమంటే, "బోల్టుకు తొందరుండది బావా, మనకే ఉంటది" అంటుండె. బాయిల మా మీద పెద్ద, మరాఠీ ఓవర్‌మన్ అయితే నడుం మీద చేతులు పెట్టుకొని, "గాడీ ఆహే కీ బాళంతీణ?" అని ఎక్కిరిస్తుండె. బండా, బాలింతనా అని.

ఒకనాడు పక్క క్వార్టరు సతీష్ బండి ఇప్పిండు. ఇంజిన్ తలకాయకు నూనె పోయే తొవ్వ కాడ చిన్న రబ్బరు రింగుంటది, పసిపిల్ల ఉంగరమంత. సగం బిగిచ్చినంక డ్యూటీ కాడికెళ్ళి పిలుపొచ్చింది. "మిగిలింది నువ్వు జెయ్యి బావా" అని పోయిండు. ఎవ్వల చేతికి పానా ఇయ్యనోడు, నాకిచ్చిండు. సతీష్‌కు భద్రావతి దవాఖాన్ల ఆడిపిల్ల పుట్టింది, నా నెత్తి మీద నిలవడి "కాకా జల్ది, కాకా జల్ది" అని ఒకటే పోరు. రింగు పెడ్తనే ఉన్న గదా అని బిళ్ళ ముందే తీసేసిన. లోపట దుమ్ము పడకుంట కుక్కిన గుడ్డ తీసిన, కవరేసిన, బిగిచ్చిన. మీ బాపు ఉరికొచ్చి బోర్డు చూసిండు, ఖాళీగున్నది. "అన్ని ఎక్కినయా బావా" అన్నడు. ఎక్కినయ్ అన్న. అప్పటికైతే నాకు నిజంగనే తెల్వది.

సతీష్ పోయేటప్పుడు మంచిగనే పోయిండు. వచ్చేటప్పుడు నూనె అందక ఇంజిన్ పట్టేసింది, బండి మీదికెళ్ళి పడ్డడు. చెయ్యి ఇరిగి నెల దినాలు బిడ్డను ఎత్తుకోలే. ఆ రింగు నేను తీసిన గుడ్డకే అతుక్కొని ఉండె, మల్లవ్వ ఉతుకుతుంటే దొరికింది, నా చేతికిచ్చింది. మీ బాపు ఇంజిన్ మళ్ళ ఇప్పి చూసిండు, రింగు లేదు. నా దిక్కు చూసి నిమ్మలంగ ఇంకోసారి అడిగిండు, "అన్ని ఎక్కినయి గదా బావా." రింగు నా అంగి జేబుల ఉన్నది బిడ్డా. ఎక్కినయ్ అన్న. ఇగ కాలనీలోళ్ళ ముంగట "నా చెయ్యే తప్పింది" అని తనే మీదేసుకున్నడు. ఆనాటి సంది ఇంజిన్ ముట్టలే. కండ్లు మసకలని మీ అమ్మకు జెప్పిండట. కండ్లకేం గాలే.

అన్ని బిళ్ళలు మూటగట్టి గీ ఒక్కటే బోర్డుకు తగిలేసిండు, ముందటర్రల, నేను రోజు చాయ్ తాగే కుర్చీకి ఎదురుంగ. గుండ్రంగ గీకి ఉన్నది చూడు, రింగు బిళ్ళ అది. నేను చూసి చూడనట్టే కూసున్న. తొమ్మిదేండ్లు బిడ్డా, ఒక్క మాట అనలే. చాయ్ పోసిండు, ముచ్చట పెట్టిండు. కింద ఉన్నోడు పైకొచ్చెదాంక లాంపుల కాడ కూసున్నట్టే నా కోసం కూసున్నడు. రేపు జెప్త, రేపు జెప్త అనుకుంట దవాఖాన్ల పండవెట్టినంక గూడ జెప్పలే. పొద్దున లేస్తే ఆ గొంతే యాదికొస్తది. అన్ని ఎక్కినయా బావా అని ఇంకొక్కసారి అడుగుతే మంచిగుండు. ఇప్పుడైతే జెప్తుంటి.

మీ బాపు చెయ్యి తప్పలే జ్యోతీ. ఇంటికి పోయినంక మీ అమ్మకు గూడ జెప్పు. ఆ అలమారల సున్నపు డబ్బ ఉన్నది, రింగు అండ్లనే ఉంటది, తీస్కపో. బిళ్ళనా? నువ్వు తీయకు, ఆగు. బోర్డు జర కిందికి వట్టు బిడ్డా, నా చెయ్యి గంత మీదికి లేస్తలేదు.