రెండో కేబుల్

ఆసుపత్రి మూడో అంతస్తు. రక్తపరీక్షల విభాగం పక్కన, కంప్యూటర్ల కేబుళ్ళన్నీ వచ్చి చేరే ఇరుకు గది. మధ్యాహ్నం భోజనాల వేళ. లోపల మరిది, గుమ్మంలో వదిన.

“ఆ లైట్లని ఎంతసేపు చూస్తావురా? ఇటు తిరుగు. నీతోనే మాట్లాడుతున్నా.”

“వింటున్నా వదినా. చెప్పండి.”

“చెప్పడానికేముంది, చెప్పేశాగా. నాలుగింటికి పెద్దసారుని కలుస్తా. ఇక నావల్ల కాదు, మానేస్తున్నా అంటా. ఆయన పొమ్మనేలోపు నేనే పోతే కాస్త మర్యాదగా ఉంటుంది.”

“ఆయన పొమ్మంటారని ఎవరన్నారు?”

“ఎవరో అనాలా? ఆ పిల్లాడి సంగతి జరిగినప్పటి నుంచీ నేను ఎదురొస్తే నర్సులు మాట ఆపేస్తున్నారు. నిన్న క్యాంటీన్‌లో నా బల్ల దగ్గర ఒక్కరు కూర్చోలేదు. కుర్చీలు లేవా అంటే ఉన్నాయి. వాళ్ళు నిలబడి తిన్నారు.”

“పిల్లాడు బాగానే ఉన్నాడు కదా. ఇంటికి కూడా పంపేశారు.”

“వాడు బాగున్నాడు కాబట్టి నేనింకా తిరుగుతున్నా. సోడియం అంతలా పడిపోయిందని నా కళ్ళతో చూశాను, వార్డుకి పంపేశాననుకున్నాను. అది చేరనే లేదు, అంతకు ముందు ఇంకో రెండుమూడు రిపోర్టులు చేరనట్టే. ఏ కబురూ రాలేదు కాబట్టి అంతా బాగుందనుకున్నారు వాళ్ళు. తెల్లారేసరికి వాడికి ఫిట్స్. అంటే పంపే బటన్ నొక్కకుండానే నొక్కాననుకున్నానన్న మాట.”

“నొక్కే ఉంటారేమో వదినా.”

“నొక్కితే ఎక్కడికి పోతుందిరా, గాల్లో కలిసిపోతుందా? మీటింగులో నువ్వే కదా లేచి చెప్పావు, నెట్‌వర్క్‌లో ఏ లోపమూ లేదని.”

“చెప్పాను.”

“తప్పని అనట్లేదు. ఉన్నమాట చెప్పావు. మరిదివి కదాని నన్ను వెనకేసుకొచ్చి ఉంటే ఇద్దరి పరువూ పోయేది. నాకు ఒక పక్క ఏడుపొస్తున్నా, ఎంత ధైర్యంగా మాట్లాడుతున్నాడు మా వాడు అనిపించింది.”

“అలా అనకండి.”

“అయ్యో, మెచ్చుకున్నా తప్పేనా?”

“ఆ స్టూలు లాక్కుని కూర్చోండి వదినా. కాసేపు.”

“కూర్చునే తీరిక లేదు. ఇంత తిని మాత్ర వేసుకోవాలి.”

“ఆ మాత్ర ఇవాళ వేసుకోకండి.”

“ఎందుకని?”

“వద్దు. అంతే.”

“అంతే ఏమిట్రా, నువ్వెప్పుడు డాక్టరువయ్యావు? మొదట్లోనే పట్టుకుంటే మతిమరుపు ముదరకుండా చూడొచ్చన్నాడాయన. మా అమ్మకి వచ్చింది కాబట్టి నాకూ ఎప్పుడో వస్తుందనుకుంటూనే ఉన్నా. మరీ ఇంత తొందరగా అనుకోలేదు. ఇప్పుడు ప్రతి రిపోర్టుకీ నొక్కి, పైకే అంటున్నా, పంపాను, పంపాను అని. పక్క బల్ల వాళ్ళు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వుకుంటున్నారు. నవ్వుకోనీ.”

“మీకు మతిమరుపు లేదు.”

“ఊరుకో. ఓదార్చకు.”

“ఓదార్చట్లేదు. మీకు ఏమీ లేదు. ఇలా వచ్చి ఇది చూడండి. కింద ఉన్నది మీ రిపోర్టులు వెళ్ళే సర్వర్. వెనక రెండు నీలం కేబుళ్ళున్నాయి, కనిపించాయా?”

“కనిపించాయి.”

“ముందు ఒకటే ఉండేది. దాని మీద భారం ఎక్కువైపోతోందని, పైగా అది తెగితే అంతా ఆగిపోతుందని రెండోది వేశాను. రెండూ పైనున్న ఈ పెట్టెలోకి వెళ్తాయి, దీన్నే స్విచ్చు అంటాం, వార్డులకి దారి చూపేది ఇదే. ఈ రెంటినీ కలిపి ఒకటే దారి అనుకోమని ఇటు సర్వర్‌కీ చెప్పాలి, అటు స్విచ్చుకీ చెప్పాలి. అప్పుడు సర్వర్ ఒక్కో రిపోర్టునీ ఏదో ఒక కేబుల్‌కి పంచుతుంది. పని సమంగా పడుతుంది.”

“ఇంట్లో నేనూ మీ ఆవిడా గిన్నెలు పంచుకున్నట్టు.”

“అలాగే.”

“మీ ఆవిడకి ఫోనొస్తే తన సగం కూడా నా మీదే పడుతుందనుకో.”

“అదీ అలాగే వదినా. ఒకటి పోతే రెండోది మొత్తం మోస్తుంది. అసలు రెండు వేసేదే అందుకు.”

“బాగుంది. దీనికీ నా మాత్రకీ ఏమిటి సంబంధం?”

“చెప్తున్నా. ముందు సర్వరూ స్విచ్చూ ఒకదాన్నొకటి పలకరించుకుంటాయి. ఉన్నావా, ఉన్నా, సరైన చోటే ఉన్నావా, ఉన్నా అని. ఆ పలకరింపు కుదిరితేనే కేబుల్‌ని వాడతాయి. నేను పెట్టిన రోజు రెండోదాని మీద అది ఎంతకీ కుదర్లేదు.”

“ఎందుకు కుదర్లేదు?”

“అదే చూడాల్సింది. చూడలేదు. పెద్దసారు ఫోను మీద ఫోను, అయిందా, అయిందా అని. ఆ పలకరింపు తీసేసి, ఏమీ అడక్కుండా వాడుకో అని బలవంతంగా పెట్టేశాను. లైటు పచ్చగా వెలిగింది. అయిపోయిందనుకున్నా.”

“అవలేదా?”

“కేబుల్ పక్క పోర్టులో గుచ్చాను వదినా. అది కెమెరాల కోసం విడిగా పెట్టిన లైను. అందులోంచి వార్డులకి దారే లేదు. పలకరింపు కుదరకపోయింది అందుకే. అది నాకు చెప్తూనే ఉంది, నేనే దాని నోరు మూయించాను.”

“ఉండు. ఉండు. అంటే నేను పంపినవి…”

“మీరు పంపారు. మీ తెర మీద పంపినట్టు చూపించింది కూడా. అక్కణ్ణుంచి సర్వర్ పంచింది. మొదటి కేబుల్‌కి వచ్చినవి చేరాయి. రెండోదానికి వస్తే సర్వర్ ఇంకోసారి ప్రయత్నిస్తుంది. అప్పుడూ దానికే వస్తే అంతే సంగతులు.”

“ఆ పిల్లాడిది?”

“మీరు పంపారు.”

“మళ్ళీ చెప్పు.”

“మీరు పంపారు వదినా.”

“పంపాను. పంపానురా, నాకు గుర్తుంది. అంకె ఎర్రగా కనబడింది, చేతిలో టీ గ్లాసు కింద పెట్టి మరీ నొక్కాను. మీ అన్నయ్యతో చెప్పాను, ఒట్టేసి చెప్పాను. తీరా మీటింగులో నువ్వు లేచి అంతా బాగుందన్నాక, గుర్తున్నది కూడా నమ్మలేకపోయాను. మా వాడు అబద్ధం చెప్పడు, కాబట్టి నా బుర్రే చెప్తోంది అబద్ధం అనుకున్నా.”

“అప్పటికి నాకు తెలీదు వదినా. నిజంగా తెలీదు. పచ్చ లైటు చూసే చెప్పాను. తర్వాత సెక్యూరిటీ వాళ్ళు వచ్చి, కెమెరాల లైన్లో ఎవరిదో సర్వర్ కనిపిస్తోంది, మీదేనా అనడిగారు. అప్పుడు చూశాను.”

“ఛ, కళ్ళు తుడుచుకో. ఎవరైనా వస్తారు.”

“నన్ను తిట్టండి.”

“తిడతా, తీరిగ్గా తిడతా. ముందు కాస్త సంతోషించనీ. రాత్రి పక్కమీద ఎక్కాలు చదువుకుంటున్నానురా, అవి కూడా పోయాయేమోనని. పందొమ్మిదో ఎక్కం దగ్గర తడబడితే ఒళ్ళంతా చెమటలు.”

“పందొమ్మిదో ఎక్కం ఎవరికీ రాదు వదినా.”

“ఎందుకు రాదు, నీకు నేర్పిందెవరు? సరే పద. నాలుగింటి దాకా ఎందుకు, ఇప్పుడే వెళ్దాం పెద్దసారు దగ్గరికి.”

“వెళ్దాం. నేనే చెప్తాను. కాకపోతే…”

“కాకపోతే?”

“నన్నింకా పర్మినెంటు చేయలేదు. ఈ నెలాఖరుకి చేస్తామన్నారు. ఇది చెప్తే ఇక…”

“ఓహో.”

“చెప్పనని కాదు.”

“నాకు తెలుసులే. భయమేస్తుంది, ఎవరికైనా వేస్తుంది. చూడు, నేనూ పక్కనే ఉంటా. కంగారులో పక్క పోర్టులో గుచ్చాడు, నిజమే, కానీ తెలిసిన వెంటనే పరిగెత్తుకొచ్చి ఒప్పుకున్నాడు అని నేనే చెప్తా. తెలిసిన వెంటనే చెప్పినవాణ్ణి ఎవరు మాత్రం ఏమంటారు?”

“ఆ మాట అనకండి వదినా.”

“ఏ మాట?”

“వెంటనే అని.”

“ఇవాళ పొద్దున కదా చూశావు?”

“కాదు వదినా.”

“ఆ కేబుల్ ఇప్పుడెక్కడుంది?”

“ఉండాల్సిన పోర్టులోనే ఉంది.”

“ఎప్పుడు మార్చావు?”

“శుక్రవారం. సాయంత్రం అందరూ వెళ్ళాక.”

“మొన్న శుక్రవారమా?”

“అంతకు ముందుది.”

“అందుకేనా తర్వాత ఒక్కటి కూడా తప్పిపోలేదు. మాత్ర వల్లనుకున్నాను. ఆ డాక్టరుకి ఫోన్ చేసి మరీ దణ్ణాలు పెట్టాను, మీ చేతి చలవండీ అని.”

“ఎవరికీ తెలియకుండా సరిచేస్తే మెల్లగా అన్నీ సద్దుమణుగుతాయనుకున్నా వదినా. మీరు మానేస్తానంటారని అనుకోలేదు. రోజూ చెబుదామనే వస్తా. మీరు అన్నం పెడుతూ కూర్చుంటారు, నోరు రాదు.”

“శుక్రవారం మార్చావు. ఆ మర్నాడే కదా నన్ను బండెక్కించుకుని డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది.”

“అన్నయ్య అప్పటికే ఆయనతో మాట్లాడేశాడు. వద్దంటే ఎందుకని అడుగుతాడు కదా, అందుకని…”

“బయట కూర్చోవచ్చుగా. లోపలికి కూడా వచ్చావు.”

“మీరు రమ్మన్నారు.”

“రమ్మన్నాను. ఒక్కదాన్నే ఉండలేక రమ్మన్నాను. ఇంట్లో కూడా మర్చిపోతుంటారా అని ఆయన నన్నడగలేదు. ఇలాంటివి సొంతవాళ్ళే చెప్పాలని నిన్నడిగాడు.”

“వదినా.”

“నువ్వు అవునన్నావు.”

“ఏమనాలో తోచలేదు. ఆయన అలా మొహంలోకి చూస్తూ అడిగేసరికి నోట్లోంచి వచ్చేసింది.”

“నేనది నిజమనుకున్నానురా. ఆ రోజు నుంచీ నీ కూతుర్ని ఎత్తుకోవడం మానేశాను, ఎక్కడైనా దించి మర్చిపోతానేమోనని.”