తలూపే పని

తీసెయ్యి తల్లీ, తీసెయ్యి. ముందు ఈ వైరు చెవిలోంచి పెరుకు. యినపడతాండాది. అదే కదా నా గోడు!

నగద్దు డాక్టరమ్మా. నువ్వు మెల్లగా అన్నా యినపడతాండాది, ఆ ఫ్యాను కిర్రుమనేదీ యినపడతాండాది, ఎవురో దగ్గేదీ యినపడతాండాది. మూడేండ్లాయె ఇవన్నీ యిని. ఇంత గలాటా ఉండిందా లోకంలో? మీరంతా ఎట్లా ఓర్చుకుంటాండారప్పా?

పేరా? రాసుకో. తిమ్మరాయప్ప. వయసు అరవైరెండో, అరవైనాలుగో, నీకేది అనుకూలమో అది రాసుకో. పని... పని ఏమని రాస్తావు? ఉండు, చెప్తా. అది చెప్తే గాని నేను అడగబోయేది నీకు అర్థం కాదు.

నాకు ఒక చీటీ కావాల. "ఈ మనిషి చెవులకు మిషను పనిచెయ్యదు" అని. కింద నీ సంతకం, పక్కన సీలు. అంతే.

అబద్ధమా? అబద్ధమే. నిజం రాయమని నేనెప్పుడు అడిగినా?

ఈ హొసకోటలో మల్లేశప్పది శెనక్కాయల మండి ఉండాది, చూసుంటావు, బస్టాండు ఎనక. ఆడ ముప్పైయేండ్లు కాయ చూసే పని నాది. రైతు బండి దిగీ దిగకముందే మూటలోకి మోచేతి దాకా చెయ్యి దూర్చి, అడుగునుంచి ఒక కాయ తీసి, చెవి తావ పెట్టి ఆడించేది. ఎండిన కాయయితే లోపల ఇత్తులు గలగలమంటాయి. పచ్చిదయితే పలకదు. నేను "ఎండు" అంటే మూట కాటాకు పోతాది. "పచ్చి" అంటే బండి ఎనక్కి తిరుగుతాది. వల్లూరోళ్ళు కానీ, వెంకటమ్మనహళ్లోళ్ళు కానీ, ఎంత పెద్ద రైతు కానీ, నా మాట మీద ఇంగో మాట లే.

గొప్పలు చెప్పుకుంటాండానా? చెప్పుకోనీ తల్లీ. సర్కారు జీతం తీసుకుంటాండావు, కొంచెం యిను.

మొదట పండ్లు పోయినాయి. సరే, కొరికి చూసేది పోతే పోయె, చెవులుండాయి కదా అనుకున్నా. ఆ వానలు రాని మూడేండ్లలో చెవులూ పోయినాయి. ఒకనాడు కాయ ఆడిస్తే పలకలే. ఇంగో కాయ ఆడించినా, పలకలే. మండికొచ్చిన కాయంతా పచ్చే! చినుకే పడని ఏడు ఇంత పచ్చికాయ యాడనించి వస్తాదప్పా అని నాకే అనుమానమొచ్చె. చెడింది కాయ కాదు, నేను.

ఎవురికీ చెప్పలే. చెప్తే ఏమయితాది? ఇంటికి పొమ్మంటారు. పోయి ఏం చెయ్యాల? ఉండే రెండెకరాలూ బీడు. నేనూ, నా పెండ్లాం భాగీరథమ్మా ఎదురెదురుగా కూసోని ముఖాలు చూసుకోవాల్నా?

అందుకని కాయ ఆడిస్తా రైతు ముఖం చూసేది మొదలుపెట్టినా. తూకం పెరగాలని మూటలో నీళ్ళు చల్లుకొచ్చేటోడు ఉంటాడే, వాడు నా చేతినే చూస్తాంటాడు. చల్లనోడు టీ అంగడి పక్క చూస్తాంటాడు. అంతే విద్య. ఏడాదిన్నర ముఖాలు చూసే కాయ చెప్పినా. ఒక్కటీ తప్పలే! చెవులున్నప్పుడన్నా అప్పుడప్పుడు ఒకటి తప్పేది.

తప్పింది రామాంజినమ్మ కాడ.

ఆమెది వెంకటమ్మనహళ్లి. ఆరు మూటలు ఏసుకోని, బండి తోలుకోని ఒక్కతే వచ్చింది. నేను కాయ తీస్తే రెప్ప ఎయ్యకుండా నా చేతినే చూసె. పెదవులు వణుకుతాండాయి. నీళ్ళు చల్లింది ఈమె, అనుకోని "పచ్చి" అంటి. బండి తిప్పుకోని పోయె.

మూడోనాడు అవే మూటలు మళ్ళా తెచ్చె. మల్లేశప్ప అన్న కొడుకు గంగాధర ఒక ఇత్తు నోట్లో ఏసుకుంటే పిండయిపోయె. "ఎప్పుడో ఎండిన కాయ ఇది, ఎవురు పచ్చి అనింది?" అన్నాడంట. నాకు యినపడలే. అందురూ నా పక్క తిరిగితే అర్థమాయె. ఆమె మొగుడు పోయి నెల కాలేదంట. మండికి ఒంటిగా రావడం అదే మొదలంట. దిగులుకూ దొంగతనానికీ ముఖం ఒకటే ఉంటాదని నాకేం తెలుసు?

మల్లేశప్ప మంచోడు, పొమ్మనలే. కాయ పని గంగాధరకిచ్చి, నన్ను వాకిట్లో మూటల మీద కూసోబెట్టినాడు. ఏం పని అంటావా? మేకలు తోలే పని. కాయ తినడానికి మేకలొస్తాయి కదా. మా తాతలు మేకల్ని మేపినారు, నేను తోలతాండా.

ఆ ఆర్నెల్లు... నిజం చెప్తాండా, సచ్చిపోతే బాగుండనిపించేది. అన్నం సయించేది కాదు.

మళ్ళీ పంటకు రామాంజినమ్మ వచ్చె. లోపల గంగాధర కాయ చూస్తాంటే ఆమె వచ్చి నా పక్కన మూట మీద కూసునె. తిట్టేకి వచ్చింది అనుకున్నా. తిట్టనీ, నాకేమన్నా యినపడతాదా? ఆమె నోరు కదలతాండాది, కొంగుతో కండ్లు తుడుచుకుంటాండాది, నేను తలూపతాండా. గంటసేపు! లేచి, నా చెయ్యి ఒకసారి పట్టుకోని పోయె. ముఖం తేటగా ఉండింది.

ఆ వారమే చిన్నరంగప్ప వచ్చె, బోరు ఎండిపోయినోడు. తర్వాత కోడలితో పడనామె. తర్వాత బెంగళూరికి కూలికి పోబోయేటోళ్ళు. ఇప్పుడయితే లైను. సోమవారం సంత దినం నాకు కాఫీ తాగేకి తీరదు.

ఏం చెప్తారా? నాకేం తెలుసు తల్లీ, చెవుడు కదా! చెవిటోనికి చెప్తే మాట యాడికీ పోదు. అదీ వాళ్ళ ధైర్యం.

సులువు పని అనుకోవద్దు. ఊరికే తలూపకూడదు. మనిషి ఊపిరి తీసుకుండేటప్పుడు ఊపాల. ఏడిస్తే ఊపకూడదు, నేల చూడాల. కోపంగా చెప్తాంటే మాత్రం ఊపేదే వద్దు, రేపు "తిమ్మరాయప్ప కూడా సరే అన్నాడు" అని పోయి కొట్టుకుంటారు. ముఖం చూసేది ఆ దొంగ ఏడాదిన్నరలో నేర్చుకున్నదే. ఈడ అక్కరకొచ్చె.

కాయ చూసినన్నాళ్ళు నన్ను చూస్తే జనం భయపడతాండిరి. ఇప్పుడు ఎతుక్కోని వస్తాండారు. తెల్లారి లేస్తానే ఎప్పుడెప్పుడు మండికి పోదామా అని ఉంటాది. ఈ వయసులో నాకు సంతోషంగా ఉండాది డాక్టరమ్మా. సిగ్గు లేకుండా చెప్తాండా.

ఇప్పుడు మల్లేశప్పకు నా మీద దయ పుట్టింది. గంగాధర పది మూటలు చూస్తే మూడు తప్పు. "తిమ్మరాయా, హైస్కూలు కాడ చెవుల క్యాంపు పెట్టినారు, పోయి మిషను తెచ్చుకో, మళ్ళా కాయ నువ్వే చూడు. పనిచెయ్యకపోతే డాక్టరమ్మ చీటీ తే" అని నా చెవిలో నోరు పెట్టి అరిచినాడు. ఈ డబ్బీ జోబులో, ఈ వైరు చెవిలో పెట్టుకోని కూసుంటే నా కాడికి ఎవురొస్తారు?

ఏమంటావు? మండిలో తీసేసి ఇంట్లో పెట్టుకోమంటావా? ఇంట్లోనా!

ఇంట్లో అది ఇంగో కత. నలభై ఏండ్ల కాపరంలో మా భాగీరథమ్మ నాతో మాట్లాడిందంటే "అన్నం తింటావా", "నీళ్ళు తోడినా", అంతే. మాట తక్కువ మనిషి అనుకున్నా. నాకు చెవులు పోయినాక, రోజూ మాపుసారి ఇత్తనం కాయ వొలుస్తా నా ఎదురుగా కూసోని మొదలుపెడతాది. చేట నిండేదాకా చెప్తానే ఉంటాది. ఏం చెప్తాదో దేవునికే తెలియాల. మధ్యలో నగుతాది కూడా. నగితే ఆమె చెంపకు సొట్ట పడతాదని నాకు అరవై దాటినాక తెలిసింది.

యినాలని లేదా అంటావా?

ఉండాది. అబద్ధమేంటికి? శానా ఉండాది.

ఉండు. గమ్మునుండు తల్లీ, ఒక్క నిమిషం. ఆ కిటికీ కాడ... నీకు యినపడతాండాదా? అది మా భాగీరథమ్మ గొంతే. నాతో కూడా వచ్చింది, వరండాలో కూసోనుండాది. పక్కింటి తిప్పమ్మతో ఏందో చెప్తాండాది. గొంతు ఎంత సన్నగా అయిందో చూడు.

యిన్యావా ఏమంటాండాదో? "మిషను పెడతాండారంట అక్కా. ఈయప్పకు చెవులొస్తే, ఇంగ నేనెవురితో మాట్లాడాల?" అంటాండాది.

ఆమె చెప్పేది అయిపోనీ. అంతదాకా ఈ వైరు తాకొద్దు.

నలభై ఏండ్లు నాకు చెవులు బాగుండినాయి తల్లీ. నీ మనసులో ఏముండాదే అని ఒక్కనాడన్నా కూసోని ఆమెను అడగలే నేను.

రాయి. పనిచెయ్యదనే రాయి.