రజియా చేతికి కుదిరిన కత్తి

"అవ్వా, గూట్లె ఉన్న గీ పాత మట్టి ముద్దల కథేంది? అన్నిటి మీద చేతి ఏళ్ల గుర్తులున్నయ్."

ఆఁ... గవాటి జోలికి పోకు, పలుగుతయ్. ఏందీ, ఫోన్ల రికార్డు చేస్తున్నవా? ఆగు, కొంగు సదురుకోనియ్యి. మొకం రాదా, మాట ఒక్కటేనా? అయితె మంచిదే, పండ్లు లేని మొకం ఎవలు సూస్తరు.

గవ్వి చేతుల కొలతలు బిడ్డా. మన కోరుట్లల కమ్మరోల్లు శానమంది ఉన్నరు గని, చెయ్యి కొలత తీస్కొని కత్తి చేసేది మన ఇల్లొక్కటే. మా మామ, అంటె మీ తాతకు నాయిన, పెట్టిన పద్ధతి. కత్తి గావాలని ఎవలన్న అస్తె, ముందుగాల తడిమట్టి ముద్ద చేతిల వెట్టి "కోస్తున్నననుకొని పిసుకు" అనేటోడు. గా ముద్దను పక్కకు వెట్టుకొని, దాని తీరుగనే తుమ్మకట్టె పిడి చెక్కేటోడు. ఇనుమేమొ లారీ కమాను పట్టీది. జగిత్యాల పాత సామాన్ల దుకాణంల కిలో మూడో నాలుగో రూపాలుండె. ఇప్పుడా? పోనియ్యి, రేట్ల మాట తియ్యకు, బీపీ పెరుగుతది.

మీ తాత గూడ గట్లనే చేసేటోడు. నాదేం పనంటవా? కొలిమి తిత్తి ఊదుడు, సమ్మెట కొట్టుడు. ఆడోల్లది గంతె. పట్టుకారు వట్టుకొని దాగలి ముంగట, అగో గా ఇనుప దిమ్మె ముంగట, పీటేసుకొని కూసునేది మొగోడే. పదిహేనేండ్లు సమ్మెట కొట్టిన గని గా పీట మీద ఒక్కనాడు కూసోలే.

మీ అమ్మ మూడో తరగతి... కాదు కాదు, నాలుగు. గా ఏడు సిరిసిల్ల నుంచి ఖాసీం భాయ్ అచ్చిండు. మటన్ కొట్టే ఆయన. ఏనుగసొంటి మనిషి, నవ్వితె మన కొట్టం ఊగేది. కొత్త దుకాణం తెరుస్తున్న, ఐతారం పొద్దుగాలకల్ల పెద్ద కత్తి నా చేతిల ఉండాలె అన్నడు. ముద్ద పిసికి పోయిండు. తెల్లారే మీ తాత ఇంటి మీద గూన పెంకలు సదురబోయి జారి కిందవడ్డడు. కుడి చెయ్యి పుటుక్కున ఇరిగింది.

ఇగ సూడు మా తిప్పలు. మాటిచ్చి కత్తి ఇయ్యకపోతె ఖాసీం భాయ్ ఒక్కడు ఊకుంటడు గావచ్చు, సిరిసిల్ల మటన్ దుకాణాలోల్లు మల్ల మన గడప తొక్కుతరా? వాళ్ల మీదనే మన బువ్వ. మీ తాత మంచంల పండి ఒక్కటే రంది. "నేను కూసుంట పీట మీద" అన్న. "నువ్వా? ఆడోల్లు చేసిన కత్తని తెలిస్తె ఎవడన్న ముట్టుకుంటడా?" అన్నడు. "తెల్వనియ్యను. నువ్వు నోరు మూస్కొని పండు" అన్న. గట్లనే అన్న, నవ్వకు! నాకు కోపమస్తె మొగడు లేడు గిగడు లేడు.

మా ఆడిబిడ్డ తిత్తి ఊదింది. నేను కూసున్న. మీ తాత మంచం మీదికెల్లి "గట్ల గాదు, గిట్ల" అనుకుంట మొత్తుకునుడు, నేను ఇననట్టె ఉండుడు. కత్తి మస్తు అచ్చింది. పదును జూస్తె చేతి మీది ఎంటికెలు సర్రున రాలినయ్. ఇగ పిడి కాడ చేసిన ఆగం. మా మామ ముద్దను తడి గోనెసంచిల సుట్టి నీడకు వెట్టేటోడు. నాకు తెల్వదా, తెల్సు! గని మెత్తగుంటె కొలత చెడుతదేమో, గట్టివడనియ్యి అని తెలివికి వొయ్యి కొలిమి పక్కకు వెట్టిన. నల్లరేగడి మట్టాయె. రెండొద్దులల్ల ఎండి ముడుసుకపోయింది. ముద్ద చిన్నగైతె గుర్తులు గూడ చిన్నగైతయ్ గద, గది నాకు తట్టలే. గా ఎండిన ముద్దను సూసే పిడి చెక్కిన.

శనివారం బస్సెక్కిన. కత్తిని పాత చీరెల సుట్టి సంచిల వెట్టుకున్న. కండక్టరు "సంచిల ఏందక్కా?" అంటె "కాకరకాయలు" అన్న. భయం మరి.

ఖాసీం భాయ్ కత్తి చేతిల వట్టుకున్నడు. ఆయన నవ్వు ఆగిపోయింది. "రాజక్కా, గిదేంది? పోరగాండ్ల ఆట సామాను లెక్కుంది. రేపు దుకాణం ఎట్ల తెరవాలె? ఉస్తాద్ చెయ్యి గిట్ల తప్పదు. ఎవలు చేసిన్రు?" అన్నడు. అబద్ధమాడుదామని నోరు తెరిసిన, ఏడుపచ్చింది. "నేనే చేసిన భాయ్. ఆయన చెయ్యి ఇరిగింది" అన్న. అక్కడున్నోల్లందరు నన్నే సూడవట్టిరి. సిగ్గుతోని సచ్చిపోయిన.

ఆయన భార్య రజియా ఎనుక బోటి కడుగుతున్నది. చేతులు తుడుసుకొని అచ్చి, మొగని చేతులకెల్లి కత్తి గుంజుకున్నది. తొడ ముక్క ముంగటేసుకొని సర్ర సర్ర కోసింది. "యా అల్లా, నా చెయ్యికే చేసినట్టుంది. గిది నాది, ఇయ్య" అన్నది. "నేను చేయించుకున్న గద!" అన్నడు ఆయన. "నీకు వట్టది గద! ఇన్నేండ్ల సంది నీ మొద్దు పిడులు వట్టి వట్టి ఇగో సూడు" అని అరిచెయ్యి సూపెట్టింది. అన్ని కాయలే. ఖాసీం భాయ్ గా చెయ్యి అందుకొని కాయలు తడిమి సూసిండు. మల్ల గదే నవ్వు నవ్విండు. "రేపు పాత కత్తితోనే తెరుస్త. రాజక్కా, నాకు ఇంకొకటి చెయ్యి. నువ్వే చెయ్యాలె" అన్నడు.

కోసుడు, తరుగుడు అంత ఆడోల్లదే గద బిడ్డా. వాళ్ల చెయ్యి కొలత అప్పటిదాక ఎవలన్న అడిగిన్రా? నేను గూడ అడగలే. రజియా ఊరంత చెప్పింది. వీర్నపల్లి నుంచి ఆడోల్లు అచ్చిరి, సారంగాపూర్ల పెండ్లి వంటలు చేసేటోల్లు అచ్చిరి, వెల్గటూర్ చేపలమ్మెటోల్లు అచ్చిరి. ఇప్పుడేమొ నువ్వు ఫోన్ల ఆర్డర్లు తీస్కుంటున్నవ్. మొన్న హైదరాబాదామె మైదా పిండి పిసికి పార్సల్ పంపలేదా? పురుగులు వట్టి అచ్చె, థూ!

ఆఁ, యాడున్న... గా శనివారం. ఇంటికచ్చి మీ తాతకు అన్ని చెప్పిన. అందరికి తెల్సిపోయిందని గూడ చెప్పిన. తిడ్తడనుకున్న. తిన్నడు, పండిండు. తెల్లారి లేసి సూస్తె కొలిమి రాజుకుంటున్నది. నేను కూసుండే జాగల మీ తాత కూసొని, ఎడమ చేత్తోని తిత్తి ఊదుతుండు. పీట తుడిసి పెట్టిండు. "రా ఉస్తాద్, కూసో" అన్నడు. ఎక్కిరిస్తుండేమో అని మొకం సూసిన. లేదు బిడ్డా. నాకు ఎంత సంతోషమైందో ఎట్ల చెప్పాలె నీకు.

గూట్లె గా చివరి ముద్ద మీ తాతదే. చెయ్యి అతుక్కున్నంక తనే మట్టి తడిపి, పిసికి తెచ్చిండు. "ఊరందరికి చేస్తవ్, నాకొకటి చెయ్యవా?" అన్నడు. బతుకంత కత్తులు చేసినోడు! పోయేదాక గా కత్తితోనే మామిడికాయ కోసుకున్నడు. ముద్దేమొ ఎండి ముడుసుకపోయింది గద, ఇప్పుడు అండ్ల నా ఏళ్లే కుదురుతయ్. అప్పుడప్పుడు వెట్టి సూసుకుంట.

సరె గని, అందరి చేతుల కొలతలు ఫోన్ల ఎక్కిస్తవ్, నీ ముద్దేది గూట్లె? లేదు గద. ఫోను పక్కకు వెట్టు. గా బకెట్ల మట్టున్నది, తీస్కో. పిసుకు. గట్టిగ, అన్నం తింటలెవ్వా? ఇగో, గిట్ల. సల్లగుండాలె బిడ్డా నీ చెయ్యి, నూరేండ్లు. గోనెసంచి తడిపి సుట్టు, ఎండనియ్యకు. పీట గిటు జరుపు... నాకా? నాకెందుకే పీట. తిత్తి నేనూదుత. రా ఉస్తాద్, కూసో.