బసవన్న చేపల కషాయం

కేసీ కాలువ పక్కన మల్లక్క టీ కొట్టు ముందర, బల్ల మీద కూర్చున్నాడు బసవన్న. కాళ్ళ మధ్య చేతిసంచి, సంచిలో చేప. పొద్దున పెండ్లాం శివపార్వతి ఆ సంచి చేతికిచ్చి, "ఈ పొద్దన్నా మల్లక్కకు ఒక మంచి మాట చెప్పి రా. పది దినాలుగా నోట్లోనే నానబెట్టుకోనుండావు" అని గట్టిగా చెప్పి పంపింది. చెప్పాల్సిందే మరి. ఆయన చెరువులో చేపలు బతికాయంటే మల్లక్క వల్లే, ఆ సంగతి ఆ ముగ్గురికీ తెలుసు. బసవన్న గుండె నిండా కృతజ్ఞత ఉంది. ఏం చేస్తాం, ఆయన నోరు తెరిస్తే ముందు బయటికొచ్చేవి గొప్పల కోతలే.

ఆటో నడిపే యేసుప్రసాద్ టీ గ్లాసుతో వచ్చి పక్కన కూర్చుని, చేపలకు జబ్బు తగ్గిందా మామా అని మాటవరసకు అడిగాడు. అంతే.

"తగ్గడమా? నేనే తగ్గించినా. ఒంటి మీద ఎర్ర మచ్చలు, రెక్కలు చీకిపోయినాయి, దినానికి ఇరవై చచ్చి తేలుతాండాయి. ఇంకొకడైతే మందుల అంగడికి పరిగెత్తేటోడు, నేను కదల్లా. జామాకు, వేపాకు, తెల్లగడ్డలు, మన మైదుకూరు పసుపు, అన్నీ దంచి, కాంచి, వడగట్టి, ఆ కషాయం తవుడులోకి చెనక్కాయ చెక్కలోకి పోసి, నాలుగు దినాలు ఈ చేతుల్తోనే పిసికినా. బొక్కలు పెట్టిన సంచుల్లో నింపి చెరువులో గుంజలకు కట్టినా. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

తెలీదన్నాడు యేసుప్రసాద్. మల్లక్క తలెత్తకుండా టీ వడగడుతోంది. కషాయం సంగతి ఇంతవరకూ నిజమే, చేతులే వేరే వాళ్ళవి. ఇప్పుడైనా ఆమె పేరు చెప్పాలని బసవన్న అనుకున్నాడు, నాలుక మాత్రం ఆగలేదు.

తెల్లారేసరికి మచ్చలు మాయమట. రెండో నాటికి చేపలకు బలమెక్కి, సంచులతో పాటు గుంజల్నీ పీక్కుని చెరువంతా ఈడ్చుకుంటూ తిరిగాయట. ఒక ముసలి కొంగ అందులో ఒకదాన్ని మింగితే, సాయంత్రానికి దానికి కొత్త ఈకలొచ్చి పెండ్లికి తయారైందట.

"అంతటితో అయిందనుకున్యావా? వాసన కాలవలోకి పాకింది. చూద్దును గదా, కాలవ చేపలన్నీ తూము కాడ వరుసగా నిలబడుండాయి, పెద్దాసుపత్రిలో చీటీల కాడ నిలబడినట్ల. పుండ్లుండేవి ఒక పక్క, దగ్గుండేవి ఒక పక్క, నేనే వరుస కట్టించినా. వాటెనక గండికోట కాడి నుంచి ఒక ముసలి బొచ్చె చేప, కొడుకునూ కోడల్నీ ఎంటబెట్టుకోని వచ్చింది."

"గండికోట నుంచి ఈడికి నీళ్ళు యాడుండాయి మామా?"

"నీళ్ళున్నంత దూరం ఈదింది. లేని కాడ నడిచింది."

"నడిచిందా?"

"నీళ్ళు లేని కాడ ఇంకేం చేస్తాదప్పా?"

ఆ బొచ్చె వారం కషాయం తిని దూడంత అయిందట. బురదలో దిగబడ్డ ట్రాక్టరును తాడు నోట కరుచుకుని గట్టు మీదికి లాగిందట. ఆ తర్వాత ఏమైందో తెలుసా అని బసవన్న మళ్ళీ మొదలుపెట్టబోతుంటే యేసుప్రసాద్ గ్లాసు పక్కన పెట్టాడు.

"అదంతా సరే మామా. నాలుగు దినాలు చేత్తో పిసికినానంటివే. మా యమ్మ పసుపు చేలల్లో పని చేసింది, ఆ పచ్చ గోళ్ళలోంచి శానా దినాలు పోయేది కాదు. యాదీ, నీ చేతులు చూపు."

బసవన్న చేతులు రెండూ తొడల కింద దోపుకున్నాడు. సరిగ్గా అప్పుడే మల్లక్క ఆయనకు టీ అందించింది. రెండు చేతులతో గ్లాసు పట్టుకున్న ఆమె పది గోళ్ళూ మొదళ్ళ దాకా పచ్చగా ఉన్నాయి. యేసుప్రసాద్ ఆ గోళ్ళను చూశాడు, బసవన్న మొహం చూశాడు. మల్లక్క ఒక మాట అనుంటే బసవన్న ఇంకో కోత కోసి తప్పించుకునేవాడేమో. ఆమె ఊరికే నిలబడేసరికి ఆయనకు కండ్లలో నీళ్ళు తిరిగాయి.

"నేను పిసకలేదప్పా" అన్నాడు. "నేను గట్టు మీద తువ్వాల మొగాన కప్పుకోని ఏడుస్తా కూర్చోనుంటి. కషాయమంతా ఒక్కపారే చెరువులో గుమ్మరిస్తానంటే, వద్దని నా చేతిలో బిందె గుంజుకున్నింది ఈయమ్మే. ముందు పది చేపల్ని డ్రమ్ములో ఏసి తినిపించి చూసింది. అవి బతికినాకనే చెరువులో పెట్టింది. నాలుగు దినాలు కొట్టు మూసుకోని వచ్చింది."

అని ఆమె చేతిలోని గ్లాసు అందుకుని బల్ల మీద పెట్టి, సంచి తీసి ఆమె చేతుల్లో పెట్టాడు. మల్లక్క సంచి మూతి విప్పి చూసింది. కేజీ ఉంటుందేమో, ఒక శీలావతి చేప. ఆమె మొహంలోకి మెల్లగా నవ్వొచ్చింది.

"ట్రాక్టరు లాగింది ఇదేనా అప్పా?"

"ఇది చిన్నదిలే అక్కా" అన్నాడు బసవన్న కండ్లు తుడుచుకుంటూ. "పెద్దవన్నీ చెరువులోనే ఉండాయి. బతికే ఉండాయి. అదంతా నీ చలవే."