ఓజెల్లా కేక

చికాగో దక్షిణ పేటలోని పంది పక్కటెముకలు కాల్చి పెట్టే హోటల్లో, పియానో వాయించే థర్మన్ పేపరు తెరిచాడు. పోలీసుల దౌర్జన్యం మీద తాము చేసిన జాజ్ రికార్డు గురించి అందులో రాసినదాన్ని, ఆ పాట పాడిన ఓజెల్లాకు చదివి వినిపించాడు.

“‘ఆమె పెట్టిన కేకలో నల్లజాతి నాలుగు వందల ఏళ్ల ఆక్రోశం ఉంది.’ విన్నావుటే?”

“నేను పాడుతుంటే నువ్వు పియానో మూత నా వేళ్ల మీద పడేశావని రాయలేదా?”

“మెల్లగా మాట్లాడు, జనం ఉన్నారు.”

“ఆ రాసినవాడి చెయ్యి కూడా మూత కింద పెట్టు. వాడికీ నాలుగు వందల ఏళ్లు కనిపిస్తాయి.”

“వేళాకోళం చాల్లే. ఆదివారం చర్చిలో కచేరీ. అందరూ ఆ కేక కోసమే వస్తారు. ఎలాగోలా నటించవే, నీకు పుణ్యముంటుంది.”

ఆమె ఎముక పక్కన పెట్టి వేళ్లు తుడుచుకుంది.

“నటించక్కర్లేదు. మా తమ్ముణ్ణి పోలీసులు కాల్చేసిన రోజు, అమ్మ తట్టుకోలేదని నోరు నొక్కుకున్నాను. నీ మూత పడ్డాక గానీ అరవడానికి సాకు దొరకలేదు.”

థర్మన్ పేపరు మడిచి పక్కన పెట్టాడు.

“ఆదివారం మీ అమ్మ కూడా వస్తానందిగా. రావద్దని చెప్పనా?”

“ముందు వరసలో కూర్చోబెట్టు. ఆవిడా ఇంతవరకూ అరవలేదు.”